ధ్యానం రాయడం మూడో రోజుకే ఆగిపోతోందంటే

రోజూ బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి ఒక కీర్తన చదివి ధ్యానంగా నాలుగు వాక్యాలు రాద్దామని కూర్చుంటే మూడో రోజుకే అది ప్రసంగంలా పొడిబారుతోందన్న మీ ఇబ్బందికి కారణం బద్ధకం కాకపోవచ్చు. మీకు కలిగిన భావాన్ని పక్కనబెట్టి, కలగవలసిన భావాన్ని రాస్తున్నారు.

1. గ్రంథం తెరవకముందే, నిన్నటి భావాన్ని అది పుట్టిన సందర్భంతో సహా ఒక్క వాక్యంలో రాయండి. చాలామంది దాటవేసేది ఈ మెట్టునే. ‘బాధగా ఉంది’ అంటే చాలదు; ‘నేను పెట్టిన పులుసును తోడికోడలు రుచి చూడకుండానే గిన్నె పక్కకు జరిపినప్పుడు చిన్నబోయాను’ అని రాయాలి. (నా నోటుపుస్తకంలో ఇంతకంటే అల్పమైన సంగతులున్నాయి.)

2. తరువాత 13వ కీర్తన చదవండి. ఉన్నవి 6 వచనాలే. మొదటి రెండూ పూర్తిగా ప్రశ్నలే, స్తుతి చివరికి గాని రాదు.

3. మీ ప్రశ్న ఒకటి రాసి ఆపండి. జవాబు ఆ రోజే రాయనక్కరలేదు.