మాంటెవిడియోకు ఒక్క రోజు చాలా?

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. నాకు 30, మా వారికి 33 ఏళ్లు. ఇద్దరికీ కలిపి చేతికి వచ్చే జీతం నెలకు 1.75 లక్షలు. ఇంటి రుణం వాయిదా 48 వేలు, ఇంటి ఖర్చు 45 వేలు, మ్యూచువల్ ఫండ్లలో సిప్ 25 వేలు. బ్యాంకులో 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఏప్రిల్‌లో బోనస్ ఇద్దరికీ కలిపి 2 లక్షల దాకా వస్తుంది. పద్నాలుగు నెలల తరువాత, ఫిబ్రవరిలో, వీపున సంచి తగిలించుకుని ఆరు వారాలు దక్షిణ అమెరికా తిరిగి రావాలని మా కోరిక. ముందు బ్యూనస్ ఎయిర్స్, అక్కడి నుంచి పడవలో ఉరుగ్వే, ఆ దేశ రాజధాని మాంటెవిడియోలో అయిదు రోజులు, ఆపై బస్సులో దక్షిణ బ్రెజిల్ మీదుగా రియో. నిరుడు వెళ్లివచ్చిన స్నేహితులు మాత్రం "మాంటెవిడియోలో చూడటానికి ఏమీ లేదు, మేం దిగింది ఆదివారం, ఊరంతా మూసేసి ఉంది, పైగా తిండి మహా ఖరీదు, తీసుకెళ్లిన డాలర్ నోట్లు మార్చుకుంటూ పోతే ఇట్టే అయిపోయాయి" అంటున్నారు. అయిదు రోజులను ఒక్క రోజుకు తగ్గించి ఆ డబ్బు రియోలో ఖర్చు పెట్టుకోవడం మేలా? ప్రయాణం కోసం డిపాజిట్ తీసేసి, చాలనిదానికి 5 లక్షల వ్యక్తిగత రుణం తీసుకోవచ్చా? డబ్బు ఏ రూపంలో తీసుకువెళ్లాలి?

జవాబు: మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నా, ముందు మీ స్నేహితుల మాటతో మొదలుపెడతాను. ఒక ఊరు ఖరీదైనదని ఎవరైనా చెప్పినప్పుడు, వారు ఆ ఊరి గురించి చెబుతున్నారా, లేక తాము డబ్బు చెల్లించిన పద్ధతి గురించి చెబుతున్నారా అని విడదీసి చూడటం నా వృత్తిలో అలవాటైపోయింది. మీ స్నేహితుల విషయంలో రెండోదే ఎక్కువని నాకనిపిస్తోంది.

ఉరుగ్వేలో ఐవీఏ అనే పన్ను ఉంది. మన జీఎస్టీ లాంటిదే కానీ సాధారణ రేటు 22 శాతం, అది ధరలోనే కలిసి ఉంటుంది. విదేశీ పర్యాటకులు తమ దేశంలో జారీ అయిన కార్డుతో రెస్టారెంటు బిల్లు చెల్లిస్తే ఈ పన్ను తగ్గించే రాయితీని అక్కడి ప్రభుత్వం గడువులు పొడిగిస్తూ ఏళ్లుగా నడుపుతూ వచ్చింది. నోట్లు ఇచ్చేవారికి ఆ రాయితీ లేదు. 1,220 పెసోల (పెసో అక్కడి కరెన్సీ) బిల్లును ఉదాహరణగా తీసుకుందాం. అందులో 1,000 తిండి ధర, 220 పన్ను. పన్ను మొత్తం పోతే మిగిలేది వెయ్యి. మీ క్రెడిట్ కార్డుపై విదేశీ మారకం రుసుము 3.5 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ వేసుకున్నా అదనం 4.13 శాతమే కాబట్టి మీకు పడేది దాదాపు 1,041 పెసోలు. అదే భోజనానికి మీ స్నేహితులు 1,220 ఇచ్చి ఉంటారు. డాలరుకు సుమారు 40 పెసోలు, మన లెక్క కోసం డాలరు 90 రూపాయలు అనుకుంటే, ఒక్క పూటకు తేడా నాలుగు వందల రూపాయలు. రోజుకు రెండు పూటలు, అయిదు రోజులు అలాగే తింటే నాలుగు వేలు. రాయితీ మీరు వెళ్లేనాటికి అమలులో ఉందో లేదో బయలుదేరే ముందు ఉరుగ్వే పర్యాటక శాఖ ప్రకటనల్లో చూసుకోండి. రెస్టారెంటులో కూడా, కార్డు ఇచ్చేముందే అడగండి. బిల్లులో 'కుబియెర్తో' అనే పేరుతో తలకింత అని మరో వరుస కనిపించవచ్చు. అది బల్ల దగ్గర కూర్చున్నందుకు, రొట్టె ముక్కలు పెట్టినందుకు వేసేది. దాన్ని మోసం అనుకోనక్కర లేదు, అక్కడి ఆచారమే.

మరి వాళ్లు నోట్లే ఎందుకు వాడారు? బ్యూనస్ ఎయిర్స్ మీదుగా వెళ్లినవారికి అది అంటుకునే అలవాటు. అర్జెంటీనాలో చాలా ఏళ్లపాటు డాలరుకు అధికారిక ధర ఒకటి, వీధిలో ధర మరొకటి ఉండేవి. డాలర్ నోట్లు చేత పట్టుకుని వెళ్లినవారికే లాభం కావడంతో ఆ దారిన తిరిగే యాత్రికులందరూ ఒకరికొకరు అదే సలహా ఇచ్చుకునేవారు. 2025 ఏప్రిల్‌లో అక్కడ వ్యక్తులపై మారకపు ఆంక్షలను చాలావరకు ఎత్తివేశాక ఆ తేడా బాగా తగ్గిపోయింది. సలహా మాత్రం మిగిలిపోయింది. నది దాటి ఉరుగ్వేలో అడుగుపెడితే అక్కడ అలాంటి రెండు ధరలు లేనే లేవు, పెసో స్వేచ్ఛగా మారుతుంది. ఒక దేశంలో లాభం తెచ్చిన పద్ధతి పక్క దేశంలో నష్టం తెచ్చింది.

ఇక రోజులు తగ్గించే సంగతి. మాంటెవిడియోలో మీ ఇద్దరికీ రోజుకు వంద డాలర్లు అంచనా వేశాను: హాస్టల్‌లో విడి గదికి 50, తిండికి 40, సిటీ బస్సులకూ చిల్లరకూ 10. ఆరు వారాల మొత్తానికి సగటున 90 డాలర్లు పెట్టుకున్నాను. నాలుగు రోజులు అక్కడ తగ్గిస్తే ఆ నాలుగు రోజులూ మాయం కావు కదా, బ్రెజిల్‌లో గడుస్తాయి. అక్కడా పడుకోవాలి, తినాలి. అంటే మీకు నిజంగా మిగిలేది రోజుకు పది డాలర్ల చొప్పున 40 డాలర్లు, 3,600 రూపాయలు. బ్యూనస్ ఎయిర్స్ నుంచి ఉరుగ్వే తీరంలోని కొలోనియాకు పడవ, అక్కడి నుంచి 180 కిలోమీటర్లు బస్సు, తరువాత దక్షిణ బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెకు రాత్రి బస్సు, ఉరుగ్వే వీసా రుసుము, ఇవేవీ ఒక్క రోజున్నా అయిదు రోజులున్నా మారవు. వంటగది ఉన్న హాస్టల్ ఎంచుకుని ఉదయం ఫలహారం, ఒక పూట భోజనం మీరే చేసుకుంటే తిండి ఖర్చు 40 నుంచి 25 డాలర్లకు దిగుతుంది. అయిదు రోజులకు 75 డాలర్లు, అంటే 6,750 రూపాయలు. ఊరిని వదులుకుంటే వచ్చేదానికంటే గిన్నె పొయ్యిమీద పెడితే వచ్చేదే ఎక్కువ.

"చూడటానికి ఏమీ లేదు" అన్న మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. కొన్నేళ్ల క్రితం ఆ ఊళ్లో నాలుగు రోజులున్నాను. మొదటి రోజు నాకూ అలాగే అనిపించింది. ఇండిపెండెన్స్ ప్లాజాలో 1928 నాటి పలాసియో సాల్వో భవనం, ఎదురుగా గుర్రంమీద ఉరుగ్వే జాతిపిత ఆర్తిగాస్ విగ్రహం, దాని కింద నేలమాళిగలో ఆయన అస్థికలున్న సమాధి, నాలుగడుగుల దూరంలో 1856లో తెరిచిన సోలిస్ థియేటర్, ఇంకాస్త నడిస్తే రేవు దగ్గర 1868 నాటి ఇనుప కప్పు మార్కెట్. మధ్యాహ్నానికల్లా అన్నీ అయిపోయాయి. సాయంత్రం రాంబ్లా మీదకు వెళ్లాను. నది ఒడ్డున ఇరవై రెండు కిలోమీటర్లకు పైగా సాగే నడకదారి అది. మడత కుర్చీలు తెచ్చుకుని కూర్చున్న ఒక ముసలి దంపతుల పక్కన గట్టుమీద కూర్చున్నాను. ఆయన చంకలో ఫ్లాస్కు. సొరబుర్ర చిప్పలో, టీలా తాగే మాతే ఆకు, అందులో ఒక లోహపు గొట్టం. ఆయన వేడినీళ్లు పోస్తాడు, ఆమె పీల్చి తిరిగి ఇస్తుంది, ఆయన మళ్లీ పోసి తాను పీలుస్తాడు. గంటన్నర సేపు వాళ్లు ఏమీ కొనలేదు. అటుగా నడిచివెళ్తున్న వందలాది మందిలో కూడా చేతిలో ఫ్లాస్కు ఉన్నవారే తప్ప అంగడి పొట్లాలున్నవారు నాకు కనిపించలేదు. ఆ ఊరివాళ్లు సాయంకాలాన్ని డబ్బు పెట్టి కొనుక్కోరు. టికెట్టు కొని చూడవలసినవాటి జాబితా పట్టుకుని వెళ్లినవారికి ఊరు ఖాళీగా కనిపించడం సహజమే. రాంబ్లా, పోసీతోస్ ఇసుకతీరం, రోదో పార్కులోని జాతీయ చిత్రకళా మ్యూజియం, వీటిలో దేనికీ ప్రవేశ రుసుము లేదు.

ఆదివారం సంగతి కూడా నిజమే. పాత పట్టణంలో ఆ రోజు దుకాణాలు మూసేస్తారు, చీకటి పడ్డాక అక్కడి నిర్మానుష్యమైన వీధుల్లో తిరగకపోవడం మంచిది. కానీ అదే ఆదివారం ఉదయం త్రిస్తాన్ నార్వాహ వీధిలో పాత పుస్తకాల నుంచి కూరగాయల దాకా అమ్మే సంత కిటకిటలాడుతుంది. ఆ వారానికి కూరగాయలు అక్కడే కొనేయండి. మీరు వెళ్లేది ఫిబ్రవరి కాబట్టి దాదాపు నలభై రోజులు నడిచే అక్కడి కార్నివాల్ మధ్యలో దిగుతారు. బారియో సూర్, పలెర్మో వీధుల్లో కందోంబె డప్పుల ఊరేగింపు జరిగే రాత్రులకు గదుల ధరలు పెరుగుతాయి, అందుకని ఆ ఊళ్లో గది నాలుగైదు నెలల ముందే ఖాయం చేసుకోండి. రియోలో కార్నివాల్ రోజులు తప్పించుకోగలిగితే మీ బడ్జెట్‌కు అంతకంటే మేలు చేసేది మరొకటి లేదు. మీరు శాకాహారులో కాదో రాయలేదు. గొడ్డుమాంసం ప్రధానమైన దేశం అది, అయినా పిజ్జా దుకాణాల్లో 'ఫైనా' అని అడగండి. ఓవెన్‌లో కాల్చిన శనగపిండి అట్టు అది, చవక, కడుపు నిండుతుంది.

ఇప్పుడు అసలు డబ్బు. రానుపోను విమానాలకు ఇద్దరికీ 3.2 లక్షలు, వీసాలు, ప్రయాణ బీమా, టీకాలకు 60 వేలు, నలభై రెండు రోజులకు 90 డాలర్ల చొప్పున 3.4 లక్షలు, పడవ, బస్సులు, ఒకటి రెండు స్థానిక విమానాలకు లక్ష. మొత్తం 8.2 లక్షలు, పది శాతం అదనం కలిపితే 9 లక్షలు. డాలరు ఈలోగా అయిదు శాతం పెరిగినా అక్కడ ఖర్చయ్యే 4.4 లక్షల మీద పడే భారం 22 వేలు, అది ఆ అదనంలోనే సర్దుకుపోతుంది.

దీనికి రుణం వద్దు. 12 శాతం వడ్డీతో మూడేళ్లకు 5 లక్షలు తీసుకుంటే నెలకు 16,600 కట్టాలి, వడ్డీ ఒక్కటే దాదాపు 98 వేలు అవుతుంది. మీరు కత్తిరించాలనుకున్న మాంటెవిడియోలో ఆ సొమ్ముతో ఇద్దరూ పది రోజులకు పైగా ఉండవచ్చు. డిపాజిట్‌నూ ముట్టుకోవద్దు. వాయిదా, ఇంటి ఖర్చు కలిపి నెలకు 93 వేలు ఉన్న మీకు ఆ 4 లక్షలు నాలుగు నెలల ఊపిరి. ఆరు వారాలు సెలవు పెట్టి వెళ్తున్నవారికి అది ఇంకా అవసరం.

మీరు రాసిన అంకెల ప్రకారమే నెలకు 57 వేలు మిగలాలి. ఎక్కడికి పోతోందో మీరు రాయలేదు, నేను అడగను. అందులో 50 వేలు జీతం పడిన మర్నాడే ఒక రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేలా బ్యాంకుకు ఆదేశం ఇవ్వండి. పద్నాలుగు నెలలకు 7 లక్షలు, బోనస్ 2 లక్షలు, లెక్క సరిపోతుంది. విమాన టికెట్లు మధ్యలోనే కొనాలి కాబట్టి ఒకే డిపాజిట్ కాకుండా 25 వేల చొప్పున రెండు తెరవండి, ఒకదాని గడువు పది నెలలు పెట్టండి. దాని 2.5 లక్షలూ, విడిగా ఉంచిన బోనస్సూ కలిసి టికెట్లకూ వీసాలకూ సరిపోతాయి. ఇంత తక్కువ వ్యవధికి షేర్ల ఫండ్లు పనికిరావు. సిప్ ఆపకండి.

పెసోలు ఇక్కడ కొనే ప్రయత్నం చేయకండి. చెరి 600 డాలర్లు నోట్లుగా ఉంచుకోండి (ఒక ప్రయాణానికి ఒకరికి 3,000 డాలర్ల నోట్ల దాకా అనుమతి ఉంది), మిగతాది మారకం రుసుము తక్కువగా ఉన్న రెండు క్రెడిట్ కార్డులు, వేర్వేరు బ్యాంకులవి. ఏటీఎంలో డబ్బు తీసిన ప్రతిసారీ రుసుము పడుతుంది కనుక అరుదుగా, ఎక్కువ మొత్తంలో తీయండి. ఉరుగ్వే ఏటీఎంలలో పెసోలే కాదు డాలర్లు కూడా వస్తాయి, ఏ మీట నొక్కుతున్నారో చూసుకోండి. కార్డు యంత్రం "రూపాయల్లో చెల్లిస్తారా" అని అడిగితే వద్దని పెసోలనే ఎంచుకోండి, రూపాయల్లో చూపే ధరలో వాళ్ల లాభం కలిసి ఉంటుంది.

పన్ను గురించి ఒక మాట. విదేశీ మారకం కొన్నప్పుడే ముందుగా వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను, 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరికి 10 లక్షలు దాటితేనే వర్తిస్తుంది, మీరు ఆ దరిదాపులకు కూడా రారు. ట్రావెల్ ఏజెన్సీ ప్యాకేజీ కొంటే మాత్రం మొదటి రూపాయి నుంచే పడుతుంది, తరువాత ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవలసి వస్తుంది. (టీసీఎస్ అనగానే మన వాళ్లకు గుర్తొచ్చే కంపెనీకి మాంటెవిడియోలో 2002 నుంచే కార్యాలయం ఉంది. ఈ టీసీఎస్‌కూ దానికీ సంబంధం లేదు.)

చివరిగా పసుపు జ్వరం టీకా. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి తిరిగి వచ్చేవారి దగ్గర ఈ టీకా ధ్రువపత్రం లేకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఉంది. టీకా వేసుకున్న పదో రోజు నుంచే పత్రం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఇది వేస్తారు. నిర్ణీత రోజుల్లోనే ఇస్తారు కాబట్టి జనవరి ఆఖరు దాకా ఆగకుండా డిసెంబరులోనే ఇద్దరూ వేయించుకోండి.