నోట్లో నాలుక లేని డ్వార్ఫ్ గురించి పిన్ని ఉత్తరం

చిన్నా,

నీ మెసేజ్ చదివి ముందు నవ్వుకున్నాను, తర్వాత కాస్త కోపం కూడా వచ్చింది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అని డై వేస్తూ కథ నడిపే ఆటలో నీ పాత్ర హిల్ డ్వార్ఫ్ (పొట్టి జాతివాడు) క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పూజారి), విజ్డమ్ (వివేకం) 16, కరిష్మా (ఎదుటివాళ్ళని ఆకట్టుకునే శక్తి) 8. రెండు శనివారాలు ఆడారు. రెండుసార్లూ "నాకు కరిష్మా లేదు కదా" అని ముంగిలా కూర్చుని, మాటలన్నీ బార్డ్ (పాటగాళ్ళ పాత్ర) ఆడే ఆ అమ్మాయికి వదిలేశావు. ఇప్పుడు బోర్ కొడుతోంది, క్యారెక్టర్ మార్చేయనా పిన్నీ అంటున్నావు.

మార్చకు. అలాంటి డ్వార్ఫ్ నా చేతికొస్తే ఏడాది ఆడతాను.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. 8 అంటే డై మీద పడ్డ అంకెలోంచి మైనస్ ఒకటి, అంతే. ఎవరినో ఒప్పించాలి (పర్స్యుయేషన్), నెగ్గాలంటే కనీసం 15 రావాలి (అదే డీసీ) అనుకో. కరిష్మా 10 ఉన్నవాడికి కలిపేదీ తీసేదీ లేదు, ఇరవై ముఖాల డై మీద 15 పడాలి, నీకు 16 పడాలి. నూటికి ముప్ఫైసార్లు నెగ్గే చోట పాతికసార్లు నెగ్గుతావు. ఈ మాత్రం దానికి నోరు కుట్టేసుకుంటారా ఎవరైనా? మీ బార్డ్‌కి కరిష్మా 16 (ప్లస్ మూడు), పైగా పర్స్యుయేషన్‌లో ప్రొఫిషియెన్సీ (నేర్పు, ప్లస్ రెండు) అన్నావు కాబట్టి మొదటి లెవెల్లోనే ప్లస్ అయిదు. ఆ పిల్లకి 10 పడితే చాలు, నూటికి 55. ఆమె పక్కన నిలబడితే నీ డ్వార్ఫ్ వెలవెలబోతాడు నిజమే. సంతలో నలుగురి మధ్య నిలబెడితే వాడూ మామూలు మనిషే. ఆరు గుణాలకి 15, 14, 13, 12, 10, 8 పంచుకోమంటే ఆ 8 ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు. కరిష్మాతో పని లేని క్లాసులవాళ్ళు (అంటే పాత్రల వృత్తులు) చాలామంది దాన్ని తీసుకెళ్ళి అక్కడే పడేస్తారు. డంప్ స్టాట్ అనేది అందుకే.

(మన పేపర్లలో దీన్ని "చరిష్మా" అని రాస్తారు, ఎన్నికలప్పుడూ, సినిమా రిలీజులప్పుడూ. మీరు టేబుల్ దగ్గర కరిష్మా అంటున్నారు కాబట్టి నేనూ అదే రాస్తున్నాను.)

నాకు ఒకప్పుడు నీకంటే ఘోరమైన అంకె ఉండేది. 2001లో విస్కాన్సిన్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టిన లేక్ జెనీవా ఆ రాష్ట్రంలోనే ఉందని అప్పటికి నాకు తెలీదు. మా కింది వాటాలో శుక్రవారం రాత్రుళ్ళు ఆట జరిగేది. పిజ్జా వాసనకి వెళ్ళి కూర్చున్నాను, అంతే, ఇరుక్కుపోయాను. అంతకు ముందు ఏడాదే మూడో ఎడిషన్ వచ్చింది. ఆ రూల్స్‌లో హాఫ్ ఆర్క్‌కి (సగం మనిషి, సగం ఆర్క్ అనే మోటు జాతి) బలం రెండు పెరుగుతుంది, ఇంటెలిజెన్స్, కరిష్మా రెండేసి తగ్గుతాయి. నాది హాఫ్ ఆర్కే, కరిష్మాకి పడ్డదే 8. రెండు తీసేస్తే 6, అంటే మైనస్ రెండు.

కరిష్మా తక్కువంటే కంపు నోరు అనుకున్నాను నేను. కోట గేటు దగ్గర కాపలావాణ్ణి తిట్టాను. సత్రం ఆవిడ వడ్డించిన గిన్నెలో ఉమ్మాను. మూడో వారానికి పార్టీ (అంటే మా పాత్రల జట్టు) మొత్తం జైల్లో ఉంది. అందరూ నవ్వుతున్నారు కదా, బాగానే ఆడుతున్నాననుకున్నాను. ఆట అయ్యాక గిన్నెలు కడుగుతుంటే మా డీఎమ్ (ఆట నడిపే డంజియన్ మాస్టర్) పక్కన నిలబడి తుడుస్తూ మెల్లగా అడిగాడు: "నీ హాఫ్ ఆర్క్ ఎవరికీ నచ్చడు, సరే. వాడికి ఎవరికైనా నచ్చాలని ఉందా?"

నా దగ్గర జవాబు లేదు. వారమంతా అదే ఆలోచించాను. చివరికి వాడికి ఒక కోరిక పెట్టాను: నలుగురిలో కలవాలి. ఎలాగో చేతకాదు.

మరుసటి వారం ఒక పిండిమిల్లు యజమాని చనిపోయాడు, ఆయన భార్య దగ్గర మిల్లు తాళంచెవి తీసుకోవాలి. బార్డ్ ఆడే అబ్బాయి పరీక్షలని రాలేదు. నేనే వెళ్ళాను. డై మీద 4 పడింది, మైనస్ రెండు పోతే 2. మావాడు ఆవిడ ఎదురుగా కూర్చుని, కాసేపు తన చేతులు చూసుకుని, "శవపేటిక మంచి ఓక్ చెక్కండీ. ఎంత పడింది?" అన్నాడు. టేబుల్ అంతా ఒక్క క్షణం చప్పుడు లేదు, తర్వాత ఒకటే నవ్వు. ఆవిడ లేచి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు కీచుమంది. మావాడు సంచిలోంచి కాస్త కొవ్వు తీసి మడతబందులకి రాసి, రెండుసార్లు ఆడించి చూసి, వెళ్ళిపోయాడు. తాళంచెవి దొరకలేదు, మిల్లు కిటికీ పగలగొట్టాల్సొచ్చింది. ఇప్పటికీ మా గ్యాంగులో ఎవరైనా అనకూడని చోట అనకూడని మాట అంటే "మంచి ఓక్ చెక్కండీ" అంటారు.

నీకు చెప్పాలనుకున్నది ఇదే చిన్నా. వాడు మాట్లాడాలి. ఏదో మంచి ఉద్దేశంతోనే మాట్లాడాలి. ఆ ఉద్దేశం ఎదుటివాళ్ళకి చేరే దారిలో ఎక్కడో జారిపోవాలి. ఎక్కడ జారుతుందో నువ్వు నిర్ణయించుకో.

మన భాషలో ఈ లోటుకి బోలెడు పేర్లున్నాయి, అన్నీ వేరు వేరు మనుషులు. మొహమాటస్తుడు ఉంటాడు, తన డబ్బు తను అడగలేక వాయిదాలిచ్చి వస్తాడు. పుల్లవిరుపు మనిషి "అవును", "కాదు" తప్ప మూడో మాట అనడు. ఎడ్డెమంటే తెడ్డెమనేవాడు వేరే రకం. సుత్తి వేసేవాడు ఉంటాడు, గొడ్డలి కొనడానికి వెళ్ళి గొడ్డలి పుట్టుపూర్వోత్తరాలు చెప్తాడు, కొట్టువాడు తలుపులు మూసుకునే దాకా. సందర్భశుద్ధి లేనివాడు మా హాఫ్ ఆర్క్. ఒక్కటి ఎంచుకో. అన్నీ కలిపితే మనిషి కనిపించడు, కలగూరగంప అవుతుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను: నత్తిని ఎంచుకోవద్దు. మా టేబుల్ దగ్గర నిజంగా నత్తి ఉన్న అబ్బాయి ఒకడుండేవాడు, వాడు ఆడిన సోర్సరర్ (మాంత్రికుడు) ఒక్క మాటతో సైన్యాలని నిలబెట్టేవాడు.

కురూపితనం కూడా వద్దు, అది వేరే సంగతి. ఈ గొడవ పాతదే. 1974లో ఈ ఆట కనిపెట్టిన గైగాక్స్, ఆర్నెసన్‌ల మొదటి చిన్న పుస్తకాల్లో కరిష్మా ముఖ్యంగా కిరాయి మనుషులు ఎంతమంది వెంట వస్తారో చెప్పే అంకె. దాంతోపాటు, మంత్రగత్తెకి దొరికిపోతే నిన్ను పందిని చేస్తుందా, ప్రియుడిగా ఉంచుకుంటుందా అన్నది కూడా దీన్నిబట్టే చూడొచ్చని రాశారు! 1985కి వచ్చేసరికి అందానికి కమ్లీనెస్ అని విడిగా ఏడో స్టాట్ పెట్టారు. అది నిలవలేదు. కాబట్టి నీ డ్వార్ఫ్ చక్కగా ఉండొచ్చు, గడ్డానికి నూనె రాసి జడ వేసుకోవచ్చు. నోరు తెరిచాకే అసలు కథ.

నీ షీట్‌లో నువ్వు చూడని సంగతి ఒకటుంది. క్లెరిక్‌కి విజ్డమ్‌తోపాటు కరిష్మా సేవ్‌లోనూ (సేవ్ అంటే మంత్రంలాంటిది తగిలినప్పుడు తట్టుకోవడానికి వేసే రోల్) ప్రొఫిషియెన్సీ ఉంటుంది. బానిష్‌మెంట్ లాంటి మంత్రం ఎవరైనా వేస్తే, అంటే నిన్ను ఈ లోకం నుంచే తోసేయాలని చూస్తే, తట్టుకునేది కరిష్మా సేవ్‌తోనే. అక్కడ నీకు మైనస్ ఒకటి కాస్తా ప్లస్ ఒకటి అవుతుంది. వాడు లోపల గట్టివాడన్నమాట. తనెవరో, తన దేవుడెవరో వాడికి బాగా తెలుసు. బయటివాళ్ళకే కనపడదు. దాని మీద విజ్డమ్ 16! ఎదుటివాడి మనసు అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది, దాన్ని ఎప్పుడు అనాలో, ఎలా అనాలో తెలీదు. విందులో అందరూ గ్లాసులెత్తుతుంటే, "మీ ఆవిడ మీతో మాట్లాడి చాలా రోజులైనట్టుందండీ" అంటాడు జమీందారుతో. నిజమే అంటాడు, పాపం సానుభూతితోనే అంటాడు. ఇలాంటివాణ్ణి మూల కూర్చోబెట్టావు నువ్వు.

మూడో లెవెల్‌కి వచ్చాక జోన్ ఆఫ్ ట్రూత్ మంత్రం తీసుకో. 15 అడుగుల వ్యాసార్ధంలో ఉన్నవాళ్ళు సేవ్ తప్పితే తెలిసి అబద్ధం ఆడలేరు. ఆ వలయంలో నువ్వూ నిలబడితే మంత్రం వేసినవాడివని నిన్ను వదలదు. ఒకసారి కావాలని నిలబడి చూడు.

ఇక నీ ఇబ్బంది గురించి. చిన్నప్పటి నుంచీ నీది మంచి నోరు. మీ అమ్మ దగ్గర సెల్‌ఫోన్ కొనిపించుకోవడానికి నువ్వు చేసిన వాదన నాకింకా గుర్తే. అలాంటివాడు కరిష్మా 8 ఆడితే రెండిట్లో ఒకటి జరుగుతుంది: సొంత తెలివితో అదరగొట్టేసి ఆ అంకెని మోసం చేయడం, లేదా నోరు మూసుకోవడం. నువ్వు రెండోది చేశావు, కనీసం నిజాయితీ ఉంది. దీనికి నేను వాడే పద్ధతి, ముందు రోల్, తర్వాత మాట. "ఆయన్ని ఓదార్చాలని చూస్తున్నాను" అని డీఎమ్‌కి ఉద్దేశం మాత్రం చెప్పు. రోల్ చెయ్యి. తక్కువ పడితే ఆ మాట ఎలా చెడిందో నువ్వే ఆడి చూపించు. ఎక్కువ పడితే అవతలి మనిషి కూడా నీలాంటి మోటువాడే అయ్యుంటాడు, ఇద్దరూ వాన గురించి రెండు మాటలు అనుకుని స్నేహితులైపోతారు. మంచి డైలాగ్ తట్టకపోతే "మావాడు ఓదార్చబోయి ఇంకా ఏడిపించాడు" అని కథలా చెప్పేసినా చాలు. అన్నీ నటించక్కర్లేదు.

మీ టేబుల్ దగ్గర సగం తెలుగులోనే మాట్లాడుకుంటారు కదా, ఇంగ్లీషువాళ్ళకి లేని ఆయుధం ఒకటి మీ చేతిలో ఉంది. నువ్వు, మీరు. రాణిగారిని "నువ్వు" అను, తలుపు దగ్గర కుర్రాణ్ణి "అండీ" అను. గాబ్లిన్‌ని "ఏమండీ, కాస్త ఆ కత్తి దించుతారా" అని అడుగు. సేనాపతిని "ఏమయ్యా" అని పిలువు. తిట్టు ఒక్కటి లేకుండా సభంతా ఉలిక్కిపడుతుంది. మీ డ్వార్ఫ్ గనుల్లో అందరూ అందరినీ నువ్వు అనే అంటారని నీ డీఎమ్‌కి ముందే చెప్పి పెట్టు. మధ్యలో మీ బార్డ్ కంగారుగా "అంటే మావాడి ఉద్దేశం ఏంటంటేనండీ" అని సర్దుతుంటే, ఆ పిల్లకీ ఆడటానికి చేతినిండా పని. రూల్ ప్రకారం కూడా హెల్ప్ యాక్షన్‌తో ఆమెకి అడ్వాంటేజ్ (డై రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) ఇవ్వొచ్చు, నీ ఇన్‌సైట్‌తో (ఎదుటివాడి మనసు చదివే నేర్పు) కనిపెట్టింది చెవిలో ఊది. బెదిరించాల్సొస్తే కరిష్మా బదులు బలంతో ఇంటిమిడేషన్ రోల్ చేయనిమ్మని డీఎమ్‌ని అడగొచ్చు, ఒప్పుకుంటే అది ఆయన దయ.

ఒక హద్దు పెట్టుకో. పార్టీ మూడు సెషన్లు కష్టపడి తెచ్చుకున్న సంధిని ఒక జోకు కోసం చెడగొట్టి "నా క్యారెక్టర్ అంతే" అనకు. ఆ మాట వినిపించగానే నాకైతే ఒళ్ళు మండుతుంది. క్యారెక్టర్‌ని రాసింది నువ్వే కదరా. చిన్న చిన్న చోట్ల జారు, సత్రంలో, సంతలో, గుడి మెట్ల మీద. ప్రాణాల మీదికొచ్చిన చోట వాడు కూడా జాగ్రత్తపడతాడు, పక్కవాళ్ళ మొహం చూసి ఆగిపోతాడు. నేను జైలు పాలు చేసిన ఆ నలుగురూ మర్నాడు నాతో బాగానే మాట్లాడారు గానీ, అందులో ఒకమ్మాయి ఆ తర్వాత రెండు వారాలు ఆటకి రాలేదు.

ఈ శనివారం వంతెన దగ్గర సుంకం అధికారి ఉన్నాడన్నావు. బార్డ్ నోరు తెరిచే లోపు నువ్వే ఎదురెళ్ళు. ఏం పడిందో, ఏమన్నావో ఆదివారం ఫోన్ చేసి చెప్పు. మీ అమ్మకి నేను అడిగానని చెప్పు, ఆవకాయ అందింది.

పిన్ని