ఆకాశరామన్న ఉత్తరం రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వయసు 13. అదే స్కూల్లో పదో తరగతి అబ్బాయికీ, అతని క్లాసులోనే ఉన్న మరో పిల్లాడికీ గొడవైంది. ‘పరీక్షల్లోపు నిన్ను లేపేస్తా’ అని పేరు పెట్టి, కత్తి ఫొటోతో ఇన్‌స్టాగ్రామ్‌లో స్టోరీ పెట్టాడట. మొన్న స్కూల్ బస్సులో బ్యాగులోంచి కత్తి తీసి చూపించాడని మావాడు చెప్పాడు. స్కూలువాళ్లకి చెబితే మావాడి పేరు బయటికొస్తుందని భయం. పేరు లేకుండా పోలీసులకు ఉత్తరం రాయవచ్చా? తర్వాత అది ఉత్త బెదిరింపే అని తేలితే మా మీద కేసు పెడతారా? ఆ పిల్లాడి జీవితం కూడా పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ జవాబు పూర్తిగా చదివేదాకా కూడా ఆగకండి. ముందు 112కి ఫోన్ చేయండి. కత్తి బస్సులోకి వచ్చింది, ఎవరిని కొడతాడో పేరు చెప్పాడు, ఎప్పట్లోగా అన్నదీ చెప్పాడు. ఉత్తరం రాసి, పోస్టు చేసి, అది ఎవరో తెరిచి చదివేదాకా ఆగే విషయం కాదిది. ఫోన్ చేశాక మిగతాది తీరిగ్గా చదవండి.

పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వడం నేరం కాదు. చాలామంది ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపేసుకుని భయపడుతుంటారు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 351(4) ప్రకారం పేరు దాచుకుని ఎవరినైనా బెదిరిస్తే మామూలు శిక్షకు తోడు మరో రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. 2024 మే 1న ఢిల్లీ ప్రాంతంలో వందకు పైగా స్కూళ్లకు బాంబు ఉందని ఈమెయిళ్లు పంపి, పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ రోడ్డు మీదకు పరుగులు పెట్టించారే, అలాంటి పనులన్నమాట. మీరు చేయబోయేది దానికి పూర్తిగా వ్యతిరేకం. నిజానికి చంపాలనే ఉద్దేశం ఎవరికైనా ఉందని తెలిసినవాళ్లు వెంటనే పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 33 అంటోంది. చెప్పకపోతే ఎందుకు చెప్పలేదో సరైన కారణం చూపించాల్సిన బాధ్యత మన మీదే పడుతుంది.

అయితే ఆకాశరామన్న ఉత్తరానికి ఒక పెద్ద బలహీనత ఉంది. ఎఫ్ఐఆర్ కావాలంటే సమాచారం ఇచ్చినవాళ్లు సంతకం చేయాలి. ఈమెయిల్లోనో మరో ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో ఇచ్చినా మూడు రోజుల్లో వచ్చి సంతకం పెట్టాలని అదే సురక్షా సంహితలోని సెక్షన్ 173 చెబుతోంది. ఏ నేరమో, ఎక్కడో తేల్చి చెప్పని అనామక సందేశాన్ని ఎఫ్ఐఆర్‌గా తీసుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు తీర్పులూ ఉన్నాయి. అంతమాత్రాన ఆ కాగితం చెత్తబుట్టలోకి పోవాలని కాదు. నేరం జరిగిందని అనుమానించడానికి కారణం దొరికితే, అది ఏ దారిలో తెలిసినా సరే, స్టేషన్ అధికారి దర్యాప్తు మొదలుపెట్టవచ్చు. జరగబోయే నేరాన్ని అడ్డుకోవడం సెక్షన్ 168 ప్రకారం ప్రతి పోలీసు అధికారి విధి. ఇప్పుడు మీకు కావాల్సిందీ అదే. కేసు సంగతి తర్వాత, ముందు ఆ కత్తి స్కూలు గేటు దాటకూడదు.

అందుకే నా సలహా, పేరు పూర్తిగా దాచేయకండి. పోలీసులకు పేరు చెప్పి, దాన్ని బయటపెట్టొద్దని అడగండి. పేరు లేని ఉత్తరం చదివిన ఎస్ఐకి ఒక సందేహం వస్తే అడగడానికి మనిషి ఉండడు. ఏ బస్సు, ఏ రూటు, ఏ రోజు అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆ కాగితం ఆగిపోతుంది. మీరు పేరు చెబితే దాన్ని కాపాడే సెక్షన్లు చట్టంలో ఉన్నాయి, చాలామందికి అవి తెలియవు. నేరం గురించిన సమాచారం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పమని పోలీసు అధికారిని కోర్టు కూడా బలవంతపెట్టకూడదు. భారతీయ సాక్ష్య అధినియంలో అది సెక్షన్ 131, పాత సాక్ష్య చట్టంలో 125. రేపు ఆ స్కూలో, ఆ అబ్బాయి తండ్రో సమాచార హక్కు కింద ‘ఫిర్యాదు చేసిందెవరు’ అని దరఖాస్తు పెట్టినా, గోప్యంగా సమాచారం ఇచ్చిన వ్యక్తిని బయటపెట్టే వివరాలు ఇవ్వనక్కర్లేదని ఆ చట్టంలోని సెక్షన్ 8(1)(జి) మినహాయింపు ఇస్తోంది.

దీనికీ ఒక హద్దుంది. మీరు ఫిర్యాదుదారుగా సంతకం పెట్టి ఎఫ్ఐఆర్ నమోదైతే అందులో మీ పేరుంటుంది, దాని కాపీ నిందితుడికి అందుతుంది. కాబట్టి స్టేషన్లో ‘సమాచారం ఇస్తున్నాను, ఫిర్యాదుదారుగా ఉండను’ అని ముందే స్పష్టంగా చెప్పండి. బెదిరింపు ఎదుర్కొన్న పిల్లాడి తల్లిదండ్రులు వేరే ఉన్నారు కదా, ఫిర్యాదు ఇవ్వాల్సింది ప్రధానంగా వాళ్లే. వాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో పోలీసులు కనుక్కుంటారు.

ఇంత చెప్పినా పేరు ఇవ్వడానికి ధైర్యం చాలకపోతే, పేరు లేకుండానే చెప్పండి. మౌనంగా ఉండటం కన్నా అది వెయ్యి రెట్లు మేలు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. పేరు చెప్పకపోయినా అక్కడ సమాచారం తీసుకుంటారు. ఫోన్ నంబరు మాత్రం వ్యవస్థలో నమోదవుతుందని తెలుసుకోండి. పూర్తిగా ఆచూకీ లేకుండా మాట్లాడటం ఈ రోజుల్లో దాదాపు కుదరదు. వేరేవాళ్ల పేరుతోనో, దొంగ ఐడీతోనో మాత్రం పంపకండి. అది మిమ్మల్నే చిక్కుల్లో పడేస్తుంది.

ఉత్తరమే రాస్తే అందులో ఏముండాలన్నది ముఖ్యం. ‘ఫలానా స్కూల్లో పిల్లలకు రక్షణ లేదు, వెంటనే చర్య తీసుకోవాలి’ అని రాసిన ఉత్తరాలు ఎందుకూ పనికిరావు. ఇలా రాయండి: ‘ఫలానా స్కూలు, పదో తరగతి బి సెక్షన్, అబ్బాయి పేరు ఇది. సోమవారం సాయంత్రం నాలుగున్నరకు మూడో నంబరు బస్సులో, వెనక సీట్లో, నల్ల బ్యాగు ముందు జేబులోంచి జానెడు కత్తి తీసి చూపించాడు. చూసినవాళ్లు ముగ్గురు నలుగురు ఉన్నారు. అంతకు ముందు రోజు రాత్రి ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ మాటలు పెట్టాడు, స్క్రీన్‌షాట్ జత చేశాను. బెదిరింపు ఫలానా విద్యార్థికి.’ కళ్లతో చూసింది వేరుగా, విన్నది వేరుగా రాయండి. ‘మా అబ్బాయి చూశాడు’ అనకుండా ‘బస్సులోని పిల్లలు చూశారు’ అన్నా సమాచారం విలువ తగ్గదు. మీ అబ్బాయి ఒక్కడికే తెలిసే వివరం ఏదైనా ఉంటే అది రాయకండి, దాన్ని బట్టి పట్టేస్తారు. స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది కాబట్టి స్క్రీన్‌షాట్ తీసిన ఫోన్‌ను జాగ్రత్తగా ఉంచండి, అందులోంచి ఏదీ తీసేయకండి.

పిల్లల మాటను పట్టించుకోవాలా అన్న అనుమానం పెద్దవాళ్లకు వస్తుంటుంది. తప్పకుండా పట్టించుకోవాలి. అమెరికాలో 1974 నుంచి 2000 వరకు స్కూళ్లలో జరిగిన 37 దాడులను అక్కడి సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి పరిశీలించాయి. వాటిలో 81 శాతం ఘటనల్లో కనీసం ఒక్కరికైనా ఆ ఆలోచన ముందే తెలుసు. తెలిసినవాళ్లు ఎక్కువగా తోటి పిల్లలే. 1999లో కొలంబైన్ స్కూల్లో కాల్పులు జరిగాక కొలరాడో రాష్ట్రంలో ‘సేఫ్‌2టెల్’ అని ఒక ఏర్పాటు చేశారు, పిల్లలు పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వడానికి. మన దగ్గర స్కూళ్ల కోసం అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఫిర్యాదుల పెట్టె గోడకు వేలాడుతుంటుంది, దాని తాళంచెవి ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల చేతిలోనే ఉండవచ్చు. ఇది మారాలి. తల్లిదండ్రుల కమిటీ సభ్యుల ఎదుటే ఆ పెట్టె తెరవాలని మీరూ మీ తోటివాళ్లూ గట్టిగా అడగాలి.

మీ మీద కేసు పెడతారా అన్నారు. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు శిక్ష పడాలంటే అది అబద్ధమని మీకు తెలిసీ ఇచ్చారని రుజువు కావాలి. న్యాయ సంహిత సెక్షన్ 217, 248 రెండూ అలాగే ఉన్నాయి. మీ అబ్బాయి చెప్పింది నమ్మి చెప్పారు, ఆ తర్వాత అది ప్లాస్టిక్ కత్తి అని తేలింది, అయినా నేరం కాదు. పరువు నష్టం కేసు విషయంలోనూ, అధికారం ఉన్న వ్యక్తికి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదుకు సెక్షన్ 356లో మినహాయింపు ఉంది. కానీ ఇదే సంగతిని పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఆ అబ్బాయి పేరూ ఫొటోతో పెడితే ఆ రక్షణ పోతుంది. గ్రూపు అధికారం ఉన్న వ్యక్తి కాదు. పైగా విచారణలో ఉన్న బాలుడి వివరాలు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద ఆరు నెలల వరకు జైలో, 2 లక్షల రూపాయల వరకు జరిమానానో, రెండూనో పడవచ్చు. దయచేసి ఆ గ్రూపు జోలికి వెళ్లకండి.

ఆ పిల్లాడి భవిష్యత్తు గురించి కూడా ఆలోచించారు చూశారా, అది నాకు చాలా నచ్చింది. అతనూ పిల్లవాడే, చట్టమూ అతన్ని అలాగే చూస్తుంది. చంపుతానని బెదిరించడానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉన్నా కనీస శిక్ష ఇంత అని లేదు కాబట్టి జువెనైల్ చట్టం దృష్టిలో అది ‘హేయమైన నేరం’ కిందకు రాదు. అలాంటప్పుడు, పెద్దవాళ్లు ఎవరూ అందులో కలిసి లేకపోతే, 2016 నాటి నమూనా నియమాల ప్రకారం ఎఫ్ఐఆర్ కూడా ఉండదు. స్టేషన్ జనరల్ డైరీలో రాసి, కుటుంబ పరిస్థితుల మీద ఒక నివేదికతో జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. అతన్ని లాకప్‌లో పెట్టకూడదు. అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లో బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. ఈ కేసు ఉందన్న కారణంతో రేపు ఉద్యోగానికి అనర్హుడనకూడదు. ఒక్క కోపంతో అతను నిజంగా కత్తి దింపాడనుకోండి, అప్పుడు పాడయ్యేది ఇద్దరు పిల్లల జీవితాలు. మీరు ఇప్పుడు చెప్పడం అతనికి కూడా మేలే.

స్కూలుకు చెప్పాలా? పోలీసులకు చెప్పాకే చెప్పండి. చాలా స్కూళ్లు పేరు పోతుందని విషయాన్ని లోపలే సర్దేయాలని చూస్తాయి, చెప్పిన పిల్లాడినే ప్రశ్నలతో వేధిస్తాయి. మీవాడు ఎనిమిదో తరగతి కాబట్టి విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం ఆ తరగతి పూర్తయ్యేదాకా స్కూలు నుంచి పంపించేయకూడదు. మాటలతో మానసికంగా వేధిస్తే సెక్షన్ 17 వర్తిస్తుంది. రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇంకో సందర్భం కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి ప్రశ్నలు వేరే రూపంలోనూ వస్తుంటాయి. స్కూల్లో పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని, లేదా జరగబోతోందని తెలిస్తే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం చెప్పి తీరాలి. చెప్పకపోతే పెద్దవాళ్లకు ఆరు నెలల వరకు, తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు జైలు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదని అదే సెక్షన్ హామీ ఇస్తుంది. మహారాష్ట్రలో ఒక హాస్టల్ బాలికల కేసులో, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని 2022 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా అంది.

చివరిగా మీ అబ్బాయి విషయం. పోలీసులు అతనితో మాట్లాడాలనుకుంటే స్టేషన్‌కు తీసుకురమ్మని అనడానికి వీల్లేదు. 15 ఏళ్లలోపు అబ్బాయిని అతను నివసించే చోటే ప్రశ్నించాలి, నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 179 అదే చెబుతోంది. మహిళగా మీకూ అదే వర్తిస్తుంది. ప్రతి స్టేషన్లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరు ఉండాలి, వచ్చేది ఆయనేనా అని అడగండి, యూనిఫాం లేకుండా రమ్మనండి. ఆ సమయంలో మీరు పక్కనే ఉండండి. స్టేషన్లో మీ మాట తీసుకోకపోతే అదే సమాచారాన్ని రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి పంపి, ఆ కాపీ, పోస్టు రసీదు దగ్గర పెట్టుకోండి.