పెట్రోలు అందని ఇంజన్ గురించి అల్లుడికి లేఖ

చిరంజీవి అల్లుడికి నల్లగొండ నుంచి మామ ఆశీస్సులు.

కారుకు ఇంజన్‌లోకి గాలిని అదిమి పంపే టర్బో బిగించి, ఎంత పెట్రోలు పోయాలో నిర్ణయించే ఇంజన్ కంప్యూటరు (ఈసీయూ) లెక్కల పట్టికను, అంటే మ్యాపును, మార్పించిన తరువాత, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో పొడవాటి మలుపు తిరుగుతున్నప్పుడల్లా ఇంజన్ క్షణకాలం తడబడి మళ్ళీ అందుకుంటున్నదని రాశావు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు రాని జబ్బు పావు ట్యాంకు మీద వస్తున్నది కాబట్టి, పంపు చెడిపోయిందని తొందరపడకు. వేసవిలో మన బావి నీళ్ళు దిగి ఫుట్‌వాల్వ్ తేలితే మోటరు గాలి పట్టడం నీవు చూసినదే. మలుపులో పెట్రోలంతా ఒక పక్కకు ఒరిగినప్పుడు నీ పంపు మూతి కూడా అట్లాగే తేలుతున్నది.

ప్రస్తుతానికి సగం ట్యాంకుకు తగ్గకుండా చూసుకో. శాశ్వతంగా కావాలంటే సర్జ్ ట్యాంకు పెట్టించాలి. బోరు సన్నగా పోస్తే మన రైతులు ఆ నీటిని హౌజులో నింపి, అక్కడి నుంచి ఇంకొక మోటరుతో పారించుకుంటారు. ఇదీ అదే పద్ధతి. ట్యాంకులోని పంపు ఒకటి రెండు లీటర్ల చిన్న డబ్బాను ఎప్పుడూ నిండుగా ఉంచుతుంది, అధిక పీడనపు పంపు ఆ డబ్బా అడుగు నుంచి తీసుకుంటుంది, పీడనాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ నుంచి తిరిగివచ్చే పెట్రోలు మళ్ళీ ఆ డబ్బాలోకే చేరుతుంది, ఎక్కువైనది మాత్రం పైభాగపు గొట్టం గుండా గాలితో సహా పెద్ద ట్యాంకుకు పోతుంది.

ఇక పంపు సంగతి. టర్బో ఇంజన్ ఒక్కొక్క హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోలు తాగుతుందని లెక్క వేసుకో. 250 హార్స్‌పవర్‌కు అది 67 కిలోల పైన, అంటే 90 లీటర్లకు పైగా అవుతుంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఇ20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు, ఆ లెక్క మీద మరో 8 శాతం కలుపు, ఆపైన కనీసం 20 శాతం మిగులు ఉంచు. పంపు వచ్చిన అట్టపెట్టె మీద రాసిన అంకెను చూసి మాత్రం మురిసిపోకు. టర్బో అదిమే గాలి ఒత్తిడితో (బూస్టుతో) పాటు పెట్రోలు పీడనాన్ని పెంచే రెగ్యులేటర్ ఉంటే, మామూలుగా 3 బార్ ఉన్న పీడనం ఒక బార్ బూస్టులో 4 బార్‌కు చేరుతుంది, పీడనం పెరిగిన కొద్దీ పంపు పోసేది తగ్గుతుంది. అందుకే ఆ పీడనం దగ్గర ఎంత పోస్తుందో తయారీదారు ఇచ్చిన పట్టికలో చూడు.

నేను దెబ్బ తిన్నది మాత్రం వోల్టేజీ దగ్గర. పెద్ద పంపు వేసి, పాత సన్నని వైరునే ఉంచాను. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు చూసి నిశ్చింతగా ఉన్నాను. పెట్రోలు చాలక ఇంజన్ వేడెక్కి పిస్టన్‌కు రంధ్రం పడ్డ తరువాత పంపు దగ్గర కొలిస్తే 11 మాత్రమే ఉన్నది. లో వోల్టేజీలో పొలం మోటరు మూలిగితే చెవికి వినబడుతుంది కానీ, ట్యాంకులో మునిగిన పంపు మూలుగు ఎవరికి వినబడుతుంది? బ్యాటరీ నుంచి ఫ్యూజుతో, రిలేతో మందమైన వైరు నేరుగా వేయించు, ఎర్త్ వైరును కూడా అంతే మందంగా వేయించు, ఇంజన్ పూర్తి బరువు మీద ఉన్నప్పుడు పంపు కనెక్టరు దగ్గరే కొలిపించు.

ఫిల్టరు మార్చు. ట్యాంకు లోపల మునిగి ఉండే గొట్టానికి ఎస్‌ఏఈ 30ఆర్10 రకమే వాడు, మామూలు రబ్బరు గొట్టం ఉబ్బి చీలుతుంది.

గాలికి, పెట్రోలుకు మధ్య నిష్పత్తిని చూపే వైడ్‌బ్యాండ్ మీటరు, ఇంధన పీడనపు మీటరు రెండూ పెట్టించి రికార్డు చెయ్యి. పూర్తి బూస్టులో 11.5 నుంచి 12 మధ్య ఉండవలసిన నిష్పత్తి 13 వైపు పరుగెత్తితే పెట్రోలు చాలడం లేదన్నమాట, ఆ క్షణమే యాక్సిలరేటర్ వదిలెయ్యాలి. పీడనం కూడా అప్పుడే పడిపోయి ఉంటే తప్పు పంపు వైపు ఉన్నది, పీడనం నిలకడగా ఉంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల వైపో మ్యాపు వైపో చూడాలి. ఈ పరీక్ష, కారును కదలనివ్వకుండా ఇంజన్ శక్తిని కొలిచే డైనో యంత్రం మీద చేయించు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు తెల్లవారుజామున ఖాళీగా ఉంటుందని అక్కడికి తీసుకుపోకు.

సర్జ్ ట్యాంకును డిక్కీలో పెడితే, మనుషులు కూర్చునే చోటికి దానికి మధ్య రేకు గోడ తప్పనిసరి. గొట్టాలు బిగించే రోజు ముందుగా కబురు పెట్టు, బస్సెక్కి వచ్చి కారు కదలకముందే ఒక్కొక్క క్లిప్పు నేనే పట్టి చూస్తాను.

మీ మామ