1910లో ఒక బాక్సింగ్ మ్యాచ్ తర్వాత అమెరికాలో అల్లర్లు ఎందుకయ్యాయి?

మీరు అడిగింది నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్, తెల్ల బాక్సర్ జిమ్ జెఫ్రీస్ మ్యాచ్ గురించి. కాలేజీలో కొంతకాలం బాక్సింగ్ నేర్చుకున్నాను. ఆ పిచ్చితోనే ఆ మ్యాచ్ ఫిల్మ్ చాలాసార్లు చూశాను. అందుకే ఆట వైపు నుంచి చెప్తాను.

అప్పట్లో హెవీవెయిట్ ఛాంపియన్ అంటే లోకంలోకెల్లా బలవంతుడని లెక్క. అందుకే జాన్ సలివన్ లాంటి తెల్ల ఛాంపియన్లు నల్లజాతి బాక్సర్లకు టైటిల్ అవకాశమే ఇవ్వలేదు. అప్పటి ఛాంపియన్ టామీ బర్న్స్‌ని వదలకుండా వెంటాడిన జాన్సన్, 1908 డిసెంబరులో సిడ్నీలో ఆ టైటిల్ కొట్టేశాడు. దాంతో ఓటమి ఎరగకుండా రిటైరైన జెఫ్రీస్‌ని తెల్లజాతి పరువు కాపాడమని బతిమాలి మళ్లీ రింగులోకి దింపారు. పాపం, ఆయన దాదాపు 45 కిలోలు తగ్గాల్సి వచ్చింది.

జూలై 4న, నెవాడాలోని రీనోలో ఆట. ఫిల్మ్‌లో జాన్సన్‌కి తొందరే ఉండదు. జెఫ్రీస్ జబ్బలు పట్టేసి పంచ్‌ని మొదట్లోనే ఆపేస్తాడు, దగ్గరికొస్తే అప్పర్‌కట్ (కింద నుంచి పైకి కొట్టే పంచ్) వేస్తాడు. దెబ్బ తినకుండా ఉండటమే సగం ఆట అని మా కోచ్ మా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. జెఫ్రీస్ తరఫున నిలబడ్డ మాజీ ఛాంపియన్ జిమ్ కార్బెట్, జాన్సన్‌ని జాతి పేరుతో ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. తమాషా ఏంటంటే, కార్బెట్ తప్పించుకుంటూ ఆడితే తెలివైన ఆట అన్నారు. జాన్సన్ అలాగే ఆడితే బద్ధకం, పిరికితనం అన్నారు. జీవితంలో ఎప్పుడూ కిందపడని జెఫ్రీస్ 15వ రౌండులో పడ్డాడు, జాన్సన్ గెలిచాడు.

కాబట్టి అల్లర్లకు కారణం మ్యాచ్ ఒక్కటే కాదు, దానికి ముందు నెలల తరబడి దాన్ని జాతుల యుద్ధంగా ఊదరగొట్టడం. ఆ రాత్రే చాలా ఊళ్లలో నల్లవాళ్ల మీద పడ్డారు. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది వాళ్లే. ఆ ఫిల్మ్‌ని ఎన్నో నగరాలు నిషేధించాయి. 1912లో బాక్సింగ్ ఫిల్ములు రాష్ట్రాల మధ్య తరలించకూడదని ఏకంగా చట్టమే తెచ్చారు. జాన్సన్‌కి తెల్ల స్త్రీలతో ఉన్న సంబంధాలను పట్టుకుని 1913లో మాన్ చట్టం (స్త్రీలను ‘అనైతిక’ పనులకు రాష్ట్రాలు దాటించకూడదనే చట్టం) కింద శిక్ష వేశారు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే.

1915లో హవానాలో జెస్ విల్లార్డ్ చేతిలో ఆయన ఓడాక, 1937లో జో లూయిస్ దాకా మరో నల్లజాతి బాక్సర్‌కి ఆ టైటిల్ పోరు దక్కలేదు. అయితే నాకు జాన్సన్ మీద కూడా ఒక ఫిర్యాదుంది. ఛాంపియన్‌గా ఉన్నప్పుడు తెల్లవాళ్లతో ఆడితేనే డబ్బులని ఎక్కువగా వాళ్లతోనే ఆడాడు. తనలాంటి నల్లజాతి బాక్సరే అయిన సామ్ లాంగ్‌ఫర్డ్ ఎంత అడిగినా హెవీవెయిట్ టైటిల్ మ్యాచ్ ఇవ్వలేదు.