బొమ్మ ఎక్కడ పుట్టిందో చూసి రా

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. పీహెచ్‌డీలో చేరి నాలుగు నెలలైందట, టాపిక్ ఇంకా తేలలేదట, గైడ్ సీటీ స్కాన్ల మీద ఏదైనా చూడమన్నారట, నువ్వేమో సరిగ్గా తినకుండా ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటున్నావట. "అన్నయ్యా, నువ్వే ఏదైనా చెప్పు, నా మాట వినదు" అన్నాడు. నా మాట వింటావని వాడికెవరు చెప్పారో మరి. ఫోన్‌లో చెబితే మధ్యలోనే "సరే పెదనాన్నా, సరే" అనేస్తావు కాబట్టి రాస్తున్నాను. తీరిగ్గా చదువు, నచ్చనిది వదిలెయ్.

నేను పీహెచ్‌డీ చెయ్యలేదు, అది ముందే చెప్పేస్తున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు బొమ్మలతో కుస్తీ పట్టాను, అంతే. మొదట టీవీ పరికరాల రిపేర్లు, తర్వాత ఉపగ్రహాలు పంపే చిత్రాలు, చివర్లో ఆస్పత్రుల స్కానింగ్ యంత్రాలు. పని మారిన ప్రతిసారీ అమ్మో, మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలా అని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే పాత జబ్బే కొత్త చొక్కా తొడుక్కుని ఎదురొచ్చేది.

ఈ పిచ్చి నాకు ఎప్పుడు పట్టిందో నీకు తెలీదనుకుంటా. 1975లో, పదకొండేళ్ళప్పుడు. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాదికి తీసుకుని మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ చూపించారు, సైట్ అనేవాళ్ళు దాన్ని. అందులో మన ఊరూ ఉంది. బడి ఆవరణలో కోళ్ళగూటికి కొట్టే వలతో చేసిన పెద్ద గొడుగులాంటి యాంటెన్నా పెట్టారు. సాయంత్రం అందరం నేలమీద చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. ఊరంతా బొమ్మ చూస్తుంటే నేను ఆ వలనే చూస్తూ ఉండేవాణ్ణట, మా నాయన చెప్పేవాడు. ఇంత చిల్లుల వలలోంచి బొమ్మ జారిపోకుండా ఎలా ఆగుతోందని నా అనుమానం.

సరే, అసలు విషయం. ఉపగ్రహ చిత్రాల పనిలో చేరిన కొత్తలో నేనో తప్పు చేశాను. అప్పుడు మాకొచ్చేవి 1988 మార్చిలో ఎగిరిన మన దేశపు ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఏ చిత్రాలు. ఆ కెమెరాలో డిటెక్టర్లు, అంటే వెలుగుని కొలిచే చిన్న చిన్న ముక్కలు, ఒకే వరసలో పక్కపక్కన పేర్చి ఉంటాయి, ఉపగ్రహం ముందుకు పోతుంటే ఆ వరస నేలని చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చుకుంటూ పోతుంది. ఏ రెండు డిటెక్టర్లూ అచ్చం ఒకేలా స్పందించవు, ఒకటి కాస్త ఎక్కువ చెబుతుంది, ఇంకోటి తక్కువ చెబుతుంది, దాంతో బొమ్మ పొడుగునా సన్నటి చారలు పడతాయి. నేను కుర్ర ఉత్సాహంతో ఆ చారలు పోయేలా కంప్యూటర్లో ఒక ఫిల్టర్ ప్రోగ్రాం రాసి, బొమ్మ అద్దంలా వచ్చిందని అందరికీ చూపించుకున్నాను. వారం తర్వాత నీటిపారుదల శాఖాయన ఒకాయన వచ్చి చాలాసేపు ఆ బొమ్మ చూసి, మర్యాదగా, "బాగుందండీ, మా కాలువ ఏదీ?" అన్నాడు. చారలు పోయే దిక్కులోనే పోతున్న కాలువని కూడా తుడిచేశాను!

ఆ రోజు పడ్డ సిగ్గు చాలా ఏళ్ళ తర్వాత అక్కరకొచ్చింది. ఇక్కడే సిటీలో ఒక ఆస్పత్రిలో మెదడు సీటీ బొమ్మల మధ్యలో సన్నటి ఉంగరంలాంటి గుర్తు వస్తోంది. మెషిన్ ఆపి మళ్ళీ ఆన్ చేశారు, పోలేదు. డాక్టర్లేమో అది మెదడులో ఉన్నదో మెషిన్‌లో ఉన్నదో తేల్చుకోలేక అవస్థ పడుతున్నారు. నాకు చూడగానే నవ్వొచ్చింది, ఎందుకంటే అది నా చారే. సీటీలో ఎక్స్‌రే ట్యూబూ డిటెక్టర్ల వరసా మనిషి చుట్టూ తిరుగుతాయి కదా, నేలమీద సూటిగా ఊడ్చే చీపురు ఇక్కడ గుండ్రంగా ఊడుస్తోంది, అందుకని ఒక డిటెక్టర్ తప్పు చెబితే ఉపగ్రహంలో గీతయ్యేది ఇక్కడ ఉంగరమవుతుంది. ఆ బొమ్మని మధ్యలోంచి చుట్ట విప్పినట్టు విప్పి పరిచావంటే ఉంగరం మళ్ళీ గీతవుతుంది, పాత మందే పనిచేస్తుంది. ఈసారి మాత్రం కాలువ గుర్తుపెట్టుకుని జాగ్రత్తగా వేశాను.

నమ్మకం లేకపోతే మీ కాలేజీ పక్కన జిరాక్స్ షాపుకి వెళ్ళు. కాగితాలు వరసగా లాక్కునే మెషిన్‌లో యాభై పేజీలు స్కాన్ చేయిస్తే ప్రతి పేజీలోనూ ఒకే చోట పైనుంచి కిందదాకా సన్నటి గీత వస్తుంది చూడు, అద్దం మీద ఒక్క దుమ్ము రేణువు ఉంటే చాలు. అదీ ఈ కుటుంబమే. కెమెరాల వాళ్ళు దీన్ని ఫిక్స్‌డ్ ప్యాటర్న్ నాయిస్ అంటారు, ఉపగ్రహాల వాళ్ళు స్ట్రైపింగ్ అంటారు, సీటీ వాళ్ళు రింగ్ ఆర్టిఫాక్ట్ అంటారు. పేర్లు వేరు కాబట్టి ఒకరి పేపర్ ఇంకొకరు చదవరు. నువ్వు పేరుతో కాకుండా లక్షణంతో వెతుకు. నీ బొమ్మలో ఏం తప్పు కనబడుతోందో ముందు మామూలు తెలుగులో ఒక వాక్యం రాసుకో, ఆ తర్వాత ఏయే రంగాల్లో అలాంటి తప్పు రావచ్చో ఆలోచించు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. నీ సీటీ స్కానే చూడు, ఎక్కడ పుట్టిందో తెలుసా? ఈఎంఐలో. నెలనెలా కట్టే వాయిదా కాదు, పాటల రికార్డులమ్మే బ్రిటన్ కంపెనీ ఈఎంఐయే. 1936లో బీబీసీ టీవీ మొదలెట్టినప్పుడు కెమెరాలిచ్చింది కూడా ఆ కంపెనీయే. అక్కడ గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు ట్రాన్సిస్టర్లతో కంప్యూటర్ తయారుచేసిన జట్టుకు పెద్ద. యూనివర్సిటీ డిగ్రీ లేదాయనకి. పాత లేత్ బెడ్ మీద వస్తువు పెట్టి మొదటి ప్రయోగం చేస్తే ఒక్క బొమ్మకి కొలతలు తియ్యడానికే తొమ్మిది రోజులు పట్టింది. 1971 అక్టోబర్ 1న లండన్ వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో మొదటి రోగికి స్కాన్ తీశారు, అప్పటి బొమ్మ 80 గళ్ళు అడ్డం, 80 గళ్ళు నిలువు. ఈఎంఐ అమ్మిన బీటిల్స్ బృందం పాటల డబ్బుతో సీటీ పుట్టిందని అందరూ ముచ్చటగా చెబుతారు కానీ నాకది అంతగా నచ్చదు, బ్రిటన్ ఆరోగ్య శాఖ పెట్టిన డబ్బు సంగతి ఎవరూ ఎత్తరు.

అదే 1971లో మన జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ఇద్దరూ కలిసి, కొలతల నుంచి బొమ్మ కట్టే లెక్కని తేలిక చేస్తూ ఒక పేపర్ వేశారు. లెక్కల సాఫ్ట్‌వేర్ మాట్‌ల్యాబ్‌లో నువ్వు వాడేసే రామ్-లాక్ ఫిల్టర్ పేరు వీళ్ళదే. అంతకు నాలుగేళ్ళ ముందే బ్రేస్‌వెల్, రిడిల్ అనే ఇద్దరు రేడియో ఖగోళం వాళ్ళు, అంటే ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాల్ని చదివేవాళ్ళు, ఆకాశం బొమ్మ కోసం దాదాపు అదే లెక్క వేసి ఉన్నారు. ఇంకో జత చెబుతాను. మసకబారిన బొమ్మని పదునుపెట్టే పద్ధతి ఒకటి 1972లో రిచర్డ్‌సన్, 1974లో లూసీ విడివిడిగా చెప్పారు, 1990లో హబుల్ టెలిస్కోప్ అద్దంలో లోపం బయటపడ్డాక దాని బొమ్మల్ని బాగుచెయ్యడానికి అదే వాడారు. 1982లో షెప్, వార్డీ పెట్ స్కాన్ కోసం వేరే దారిన వచ్చి రాసిన సూత్రమూ లోపల అదే. ఇన్నేళ్ళు పక్కింట్లో ఉన్న రోలు కోసం ఊరంతా తిరిగినట్టు! అందుకని వారంలో ఒక పూట, శుక్రవారం మధ్యాహ్నం అనుకో, నీ రంగంవి కాని పేపర్లే చదువు. పాతవైతే మరీ మంచిది.

ఇక కోడ్ గురించి. మొదటి నెలంతా కోడ్ ముట్టుకోకు. గైడ్ కోప్పడితే నా పేరు చెప్పు. అనుమతి తీసుకుని ఏదైనా ఆస్పత్రి స్కానింగ్ గదిలో టెక్నీషియన్ పక్కన కూర్చో, డాక్టర్ పక్కన కాదు. పొద్దున మెషిన్ వేడెక్కాక ఖాళీ గాలిని చూపించి ఎందుకు సరిచేస్తారో, రోగికి బదులు నీళ్ళు నింపిన డబ్బా, నీళ్ళ ఫాంటమ్ అంటారు, అది పెట్టి ఏం చూస్తారో అడుగు. నీళ్ళు సున్నా, గాలి మైనస్ వెయ్యి, ఆ కొలబద్దకి హౌన్స్‌ఫీల్డ్ పేరే. రోగి కదిలితే బొమ్మ ఎలా చెడుతుందో, పంటికి లోహం తొడుగు ఉంటే నక్షత్రంలా ఎందుకు చీలుతుందో కళ్ళారా చూడు. ఈ పని చేసేవాళ్ళు తక్కువ. చేసినవాళ్ళకి టాపిక్ కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు, ఆ గదిలోనే పది దొరుకుతాయి.

డేటా దగ్గర చాలా జాగ్రత్త. డాక్టర్లు మంచివాళ్ళు, అడిగితే వాట్సాప్‌లో స్కాన్ ఫొటోలు పంపించేస్తారు. తీసుకోకు. సీటీలో మామూలుగా 4,096 స్థాయిలుంటాయి, మామూలు జేపెగ్‌లో 256. అంటే మొత్తం కుదించి పెడితే ఒక్కో మెట్టూ పదహారు యూనిట్లు. మెదడులో బూడిదరంగు భాగానికీ తెల్లభాగానికీ తేడాయే పది యూనిట్లు అటూ ఇటూ. ఆ తేడా మెట్టు కింద పడి పోయిందంటే నువ్వు నేర్పించే కంప్యూటర్ మోడల్ ఎంత తెలివైనదైనా ఏం చూస్తుంది? స్కానింగ్ మెషిన్ నుంచి నేరుగా వచ్చే డైకామ్ ఫైళ్ళే కావాలని అడుగు, వాటినీ రోగి పేరూ నంబరూ తీసేశాకే తీసుకో. అల్ట్రాసౌండ్‌లో అయితే పేరు బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది, ఫైలు మొదట్లో రోగి వివరాలుండే హెడర్ తుడిస్తే పోదు. ఎథిక్స్ కమిటీ అనుమతికి మొదటి నెలలోనే అర్జీ పెట్టు, అది ఎప్పుడొస్తుందో దేవుడికెరుక.

ముడి డేటా మాత్రం చెరపొద్దు. అపోలో 11 చంద్రుడి మీదినుంచి పంపిన టీవీ సెకనుకి పది ఫ్రేములే, మామూలు టీవీల్లో రాదు కాబట్టి, దాన్ని ఒక తెరమీద ఆడించి ఆ తెరకెదురుగా ఇంకో కెమెరా పెట్టి మార్చారు. లోకమంతా చూసింది ఆ రెండో బొమ్మ. అసలు సంకేతం ఉన్న టేపుల కోసం తర్వాత ఎంత వెతికినా దొరకలేదు, వాటిని చెరిపి మళ్ళీ వాడేసి ఉంటారని 2009లో నాసా ఒప్పుకుంది. అంతటి వాళ్ళకే అలా అయింది. రెండు హార్డ్ డిస్కులు కొను, ఒకటి హాస్టల్లో, ఒకటి ల్యాబ్‌లో. డబ్బులు నేనిస్తాను, మీ నాన్నకి చెప్పకు.

ఆమధ్య ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి తన మోడల్ నూటికి తొంభై ఎనిమిది సరిగ్గా చెబుతోందన్నాడు. ఒకే రోగి స్కాన్‌లోని ముక్కలు కొన్ని నేర్పించేదాంట్లో, కొన్ని పరీక్షించేదాంట్లో పడ్డాయి. పరీక్షకి ముందే పేపర్ లీకైనట్టు. రోగుల వారీగా విడదీయమన్నాను, మార్కులు దబ్బున పడిపోయాయి, పాపం వాడి మొహం చూడలేకపోయాను. నువ్వు మొదటిరోజే విడదియ్, ఆ పరీక్ష ముక్కని జిప్ చేసి చివరిదాకా తెరవకు.

లెక్కలు వేగంగా చేసే చిప్, అదే జీపీయూ, దొరకట్లేదని ఏడ్చావట కదా. 1965లో మారినర్ 4 అంగారకుడి బొమ్మలు పంపింది, ఒక్కోటి 200 గళ్ళు అడ్డం 200 నిలువు, సెకనుకి ఎనిమిది బిట్ల చొప్పున ఒక బొమ్మ రావడానికి దాదాపు ఎనిమిది గంటలు. కంప్యూటర్ బొమ్మ కట్టేదాకా ఆగలేక అక్కడి ఇంజనీర్లు అచ్చయిన అంకెల కాగితపు పట్టీల్ని గోడకి అంటించి, అంకెని బట్టి రంగు క్రేయాన్లతో పూసుకుంటూ పోయారు. నువ్వూ ముందు చిన్న బొమ్మ తీసుకో, నాలుగంకెలు నోట్‌బుక్‌లో వేసి చూడు. తేడా ఎక్కడుందో చేత్తో కనబడకపోతే జీపీయూ వచ్చినా కనబడదు.

పేపర్ తిప్పికొడితే కుంగిపోకు. మనవాడే, బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, 1972లో బొమ్మల్ని చిన్నగా కుదించడానికి పనికొచ్చే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే లెక్క మీద పని చేస్తానని అమెరికాలో డబ్బు అడిగితే ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందన్నారట ఒకరు. ఆయనా నటరాజన్, కె.ఆర్. రావూ కలిసి 1974లో ఆ పేపర్ వేశారు. నువ్వు పంపే ప్రతి జేపెగ్ ఫొటోలోనూ ఆ లెక్కే ఉంది. తిప్పికొట్టిన ప్రతిదీ గొప్పదని కాదు, నావి తిప్పికొట్టినవన్నీ నిజంగానే చెత్త. కాకపోతే కారణం చదివాక మాత్రమే బాధపడు.

డాక్టర్లతో మాట్లాడేటప్పుడు నీ మోడల్ ఊసెత్తకు. ఓపీ అయ్యాక, వాళ్ళు టీ తాగే టైముకి వెళ్ళి, "సార్, ఈ బొమ్మల్లో మీకు రోజూ విసుగు తెప్పించేది ఏది?" అని అడిగి నోరు మూసుకో. వాళ్ళు చెప్పేది నీకు చిన్న విషయంలా అనిపిస్తుంది. రాసుకో.

ఒక ఆదివారం ఇటు రా. గచ్చిబౌలి నుంచి మా ఈసీఐఎల్ దాకా దూరమే అనుకో, అయినా రా. ఇక్కడి ఫ్యాక్టరీ గోడ వెంబడి నడుస్తూ మాట్లాడుకుందాం. ఒకే సంస్థ ఒకప్పుడు ఇంటింటికీ ఈసీ టీవీలు చేసింది, కంప్యూటర్లు చేసింది, చంద్రయాన్-1తో మాట్లాడ్డానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నానీ చేసింది. వచ్చేటప్పుడు నీ డేటాలో ఒక బొమ్మ పట్టుకురా, బాగా వచ్చినవి వద్దు, ఎందుకలా వచ్చిందో నీకు అంతుపట్టనిది ఒక్కటి. పెన్‌డ్రైవ్‌లో వేసేముందు పేషెంట్ పేరు తీసెయ్.

మీ పెదనాన్న