సెకండ్ హ్యాండ్ కారులో పాడైన బ్రేకులు: డీలర్ నుంచి డబ్బు వస్తుందా?

ప్రశ్న: మాది మధురవాడ. మూడు వారాల క్రితం ఒక డీలర్ దగ్గర 3.40 లక్షలకు పాత కారు కొన్నాను. ‘బ్రేకులన్నీ కొత్తవి వేయించాం’ అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. మొన్న సింహాచలం కొండ దిగుతుంటే కీచుమని చప్పుడు, ఎంత తొక్కినా బండి సరిగా ఆగలేదు. ప్యాడ్లు గ్లేజ్ అయ్యాయని, డిస్కులు కూడా మార్చాలని ఆటోనగర్ మెకానిక్ అన్నాడు. ‘పాత బండికి గ్యారంటీ లేదని రసీదులోనే ఉంది’ అంటున్నాడు డీలర్. ఖర్చు రాబట్టుకోవచ్చా?

జవాబు: రాబట్టుకోవచ్చు. ముందు ఆ బండి తీయడం ఆపండి. లోపం తెలిసీ రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద నేరం మీదవుతుంది. దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే తొలిసారికే మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా పడొచ్చు. కేసు తేలేదాకా ఆగకుండా రిపేరు చేయించేయండి, కానీ సాక్ష్యం మాత్రం చేజారనివ్వకండి.

మీ కేసు నిలిచేదీ పడేదీ ఇక్కడే. ప్యాడ్లు బాగా వేడెక్కితే పైపొర గట్టిపడి అద్దంలా మెరుస్తుంది, గ్లేజ్ అవడమంటే ఇదే. గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలుంచి ఘాట్ దిగితే కొత్త ప్యాడ్లు కూడా అలా కావచ్చు. డీలర్ తరఫు లాయరు మొదట అనేది అదే. డిస్కు అరుగుదల సంగతి వేరు. ఎంత మందం కంటే తగ్గకూడదో చాలా డిస్కుల మీదే అచ్చు వేసి ఉంటుంది. మెకానిక్ చేత మైక్రోమీటరుతో కొలిపించండి. అంతకంటే పల్చబడి ఉంటే అది మూడు వారాల్లో జరిగే అరుగుదల కాదు. ఆ కొలత, కిలోమీటర్ల రీడింగు, తేదీ వేసి సంతకంతో రాయించుకోండి. విప్పిన ప్యాడ్లు, డిస్కులు పాత ఇనుముకు ఇచ్చేయకండి. అవసరమైతే వినియోగదారుల కమిషన్ వాటిని ల్యాబ్‌కు పంపగలదు.

‘గ్యారంటీ లేదు’ అన్న రసీదు చూసి టెన్షన్ పడకండి. మామూలు అరుగుదలకైతే ఆ మాట చెల్లుతుంది, ఆ మెసేజే లేకపోతే మీ కేసు బలహీనమని నేనే చెప్పేవాణ్ణి. పాతవి ఉంచి కొత్తవని చెప్పి అమ్మడం మాత్రం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. రసీదులో ఒక లైను రాసుకున్నంత మాత్రాన అబద్ధానికి రక్షణ దొరకదని నా గట్టి అభిప్రాయం. ఆ చాట్ డిలీట్ కాకుండా చూసుకోండి. అదే ఏ వ్యాపారీ కాని మనిషి దగ్గర కొని ఉంటే మాత్రం సివిల్ కోర్టుకే వెళ్లాలి.

ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు చేయండి. కదలిక లేకపోతే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. విడిభాగాల ఖర్చు, కూలి, పరిహారం, కోర్టు ఖర్చులు అడగండి. బ్రేకుల కోసం కారు మొత్తం డబ్బు వాపసు అడిగితే నిలవడం కష్టం.